జిస్ట్‌కి కొత్త మందు ట్రయల్లో చేరాలా, ఉన్న మందే మార్చుకోవాలా?

"కొత్త మందుకి ట్రయల్ నడుస్తోందట, చేరమంటారా?" అని అడిగేవాళ్లని నేను తిరిగి ఒకటే అడుగుతాను: గడ్డలో ఏ జన్యువు ఎక్కడ మారిందో చెప్పే మ్యుటేషన్ రిపోర్టు చేతిలో ఉందా? చాలామంది దగ్గర ఉండదు. బయాప్సీ రిపోర్టు, పెట్ స్కాన్, ఆపరేషన్ సమ్మరీ, రక్త పరీక్షల కట్ట అన్నీ ఉంటాయి. అసలు కావలసిన ఆ ఒక్క కాగితమే ఉండదు.

మా బాబాయికి 2016లో చిన్నపేగులో గడ్డ తీసేశాక అది జిస్ట్ అని, అంటే కడుపు, పేగుల గోడల్లో పుట్టే ఒకరకం క్యాన్సర్ అని తేలింది. అప్పటినుంచి ఆ ఫైలు మోసింది నేనే. నేను డాక్టర్ని కాను. కానీ అన్నేళ్లు ఆ కాగితాలు చదివీ, ఓపీ బయట బెంచీల మీద కూర్చునీ కొంత తెలిసింది. ఇప్పుడు ఎవరింట్లోనైనా ఈ జబ్బని తెలిస్తే చుట్టాల ద్వారా నాకు ఫోన్ వస్తుంది. ప్రతిసారీ చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. డాక్టరు ముందు కూర్చోబోయే ముందు ఏం అడగాలో తెలుసుకోవడానికి మాత్రమే ఇది పనికొస్తుంది.

జిస్ట్ మామూలు కడుపు క్యాన్సర్ కాదు. కడుపు, పేగుల గోడల్లో ఆహారాన్ని ముందుకు నెట్టే కదలికకి లయ కట్టే కాహల్ కణాలని ఉంటాయి. గడ్డ పుట్టేది ఆ జాతి కణాల్లోంచి. ఎక్కువమందిలో కిట్ అనే జన్యువు పాడై, కణానికి "పెరుగు" అని చెప్పే స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండిపోతుంది. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు. మామూలు కీమో దీనిమీద దాదాపు పనిచేయదు. అందుకే చికిత్స అంతా ఆ స్విచ్‌ని ఆపే మాత్రల చుట్టూనే తిరుగుతుంది, ట్రయల్స్ కూడా అంతే.

ముందు మ్యుటేషన్, తర్వాతే మందు పేరు

కిట్ జన్యువులో ఏ భాగం పాడైందన్నదాన్ని బట్టి మందు మారుతుంది. ఆ భాగాలని ఎక్సాన్లంటారు. ఎక్కువమందిలో పాడయ్యేది ఎక్సాన్ 11. వీళ్లకి జిస్ట్‌కి మొదట ఇచ్చే మాత్ర ఇమాటినిబ్, రోజుకి 400 మిల్లీగ్రాములు, బాగా పనిచేస్తుంది. సుమారు పదిమందిలో ఒకరికి ఎక్సాన్ 9 పాడవుతుంది, అది చిన్నపేగు గడ్డల్లో ఎక్కువ. వీళ్లకి 800 ఇస్తే జబ్బు ఎక్కువకాలం అదుపులో ఉంటుందని 400, 800 డోసులను పోల్చిన రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలను కలిపి చూసినప్పుడు తేలింది. కొందరిలో కిట్ బాగానే ఉండి, దాని తోబుట్టువు లాంటి పీడీజీఎఫ్ఆర్ఏ పాడవుతుంది. అందులో డీ842వీ అనే మార్పు ఉంటే ఇమాటినిబ్ పనిచేయదు. నెలల తరబడి మింగినా ఒంటికి వాపు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఈ డీ842వీ కథ ట్రయల్స్ గురించి ఆలోచించేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. దానికోసం తయారైన అవాప్రిటినిబ్ అనే మందును నావిగేటర్ ట్రయల్లో పీడీజీఎఫ్ఆర్ఏ ఎక్సాన్ 18 మార్పు (డీ842వీ ఇందులోదే) ఉన్నవాళ్లకి ఇస్తే 84 శాతం మందిలో గడ్డలు గణనీయంగా తగ్గాయి. 2020 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. అదే మందును వాయేజర్ అనే మరో ట్రయల్లో, ఎక్కువగా కిట్ మార్పులున్న రోగుల్లో, ముందిచ్చిన రెండు మందులూ ఓడాక ఇచ్చే, అంటే మూడో వరుస మందైన రెగోరాఫెనిబ్‌తో పోల్చారు. అక్కడ ఓడిపోయింది. జబ్బు ముదరకుండా ఉన్న కాలం అవాప్రిటినిబ్‌తో 4.2 నెలలు, పాత మందుతో 5.6 నెలలు. మందు ఒకటే, ఒకచోట ప్రాణదాత, ఇంకోచోట పాత మందుకన్నా వెనక. అందుకే "కొత్త మందు మంచిదేనా?" అన్న ప్రశ్నకి మీ మ్యుటేషన్ తెలియకుండా జవాబు లేదు.

కిట్, పీడీజీఎఫ్ఆర్ఏ రెండూ బాగున్నాయని రిపోర్టు వస్తే అక్కడితో ఆగకండి. ముఖ్యంగా రోగి వయసులో చిన్నవాళ్లయి, గడ్డ కడుపులో ఉంటే ఎస్‌డీహెచ్‌బీ స్టెయిన్ (ఎస్‌డీహెచ్ అనే ప్రోటీన్ గడ్డలో ఉందో లేదో చూసే పరీక్ష) చేయించారా అని అడగండి. ఎస్‌డీహెచ్ లోపమున్న జిస్ట్ వేరే రకం జబ్బు. ఇమాటినిబ్‌కి పెద్దగా లొంగదు, చాలామందిలో నెమ్మదిగా పెరుగుతుంది. దానికి వేరే ట్రయల్స్ ఉన్నాయి. రక్త క్యాన్సర్ కోసం చైనాలో తయారైన ఓల్వెరెంబాటినిబ్‌ను ఇప్పుడు ఈ రకం మీద పరీక్షిస్తున్నారు. అరుదుగా ఎన్‌టీఆర్‌కే ఫ్యూజన్ (ఆ జన్యువు ఇంకోదానితో అతుక్కుపోవడం) కనపడుతుంది, దానికి లారోట్రెక్టినిబ్ లాంటి మందులు ముందే ఉన్నాయి.

పరీక్షకి కావలసింది ఆపరేషన్లో తీసిన ముక్కని మైనంలో పెట్టి దాచిన బ్లాక్. మా బాబాయి విషయంలో మొదటి రెండేళ్లూ ఎవరూ ఈ పరీక్ష రాయలేదు. తర్వాత మేం అడిగితే, ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ల్యాబు బ్లాక్ వెతకడానికి మూడు వారాలు తిప్పింది. ఆపరేషన్ అయిన నెలలోపే బ్లాక్ నంబరు రాసి పెట్టుకోండి. ఎవరికి ఇచ్చినా రసీదు తీసుకోండి.

మందు నిజంగానే ఓడిపోయిందా?

ట్రయల్ గురించి ఆలోచన సాధారణంగా మొదలయ్యేది ఇమాటినిబ్ మీద ఉండగా స్కాన్‌లో ఏదో పెరిగినప్పుడు. కానీ పెరిగినట్టు కనిపించేదంతా మందు ఓటమి కాదు.

ఇమాటినిబ్ మొదలుపెట్టిన తొలి నెలల్లో గడ్డ లోపల చచ్చిపోతూనే సైజులో కాస్త పెరగొచ్చు. సీటీలో దాని సాంద్రత తగ్గిందా అని కూడా చూడాలి. కేవలం సెంటీమీటర్లు చూసి ఖంగారుపడి మందు మార్చేస్తే, బాగా పనిచేస్తున్న మందుని చేజేతులా పారేసినట్టే.

రెండోది, మన దగ్గర ఎక్కువగా ఎదురయ్యేది: రోగికి అదే సమయంలో టీబీ మందులు నడుస్తున్నాయా? రిఫాంపిసిన్ వేసుకుంటే రక్తంలో ఇమాటినిబ్ నాలుగో వంతుకి దగ్గరగా పడిపోతుంది. ఫిట్స్ మందు ఫెనిటాయిన్ కూడా తగ్గిస్తుంది. టీబీ డాక్టరుకి జిస్ట్ సంగతి, క్యాన్సర్ డాక్టరుకి టీబీ సంగతి తెలియకపోతే మందు ఫెయిలైందని రాసేస్తారు. మూడోది, రోగి మాత్రలు రోజూ వేసుకుంటున్నారా? మొహమాటం లేకుండా అడగండి. ముఖం ఉబ్బుతోందనీ, వికారమనీ రోజు మార్చి రోజు వేసుకునే పెద్దవాళ్లను నేను చూశాను. ఇంట్లో ఎవరికీ చెప్పరు. భోజనంతోపాటు, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకుంటే వికారం చాలావరకు తగ్గుతుంది.

ఇవేవీ కావు, ఒక్కచోట మాత్రమే పెరిగింది, మిగతాదంతా నిశ్చలంగా ఉంది అంటే ఆ ఒక్కదాన్ని ఆపరేషన్‌తోనో, సూదితో కాల్చేసే పద్ధతితోనో తీసేసి అదే ఇమాటినిబ్ కొనసాగించవచ్చేమో అడగండి. అన్నిచోట్లా పెరిగితేనే కింది లెక్క.

ఇమాటినిబ్ తర్వాత ఉన్న దారులు

మొదటిది డోసు 800కి పెంచడం. ముందు 400 మీద ఉండి పెంచినవాళ్లలో సుమారు మూడో వంతు మందికి గడ్డ తగ్గడమో, పెరగకుండా ఆగడమో జరిగిందని అమెరికా ట్రయల్లో తేలింది. ఎక్సాన్ 9 వాళ్లకి ఇది నిజమైన అవకాశం. ఎక్సాన్ 11 వాళ్లకి ఎక్కువగా కొంతకాలం గడుపుకోవడమే. వాపు, రక్తహీనత పెరుగుతాయి. దీని గొప్పతనం ఖర్చులో, తేలికలో ఉంది: అదే మందు, అదే డాక్టరు, అదే ఊరు.

రెండోది సూనిటినిబ్. 2006లో అనుమతి వచ్చింది. ఇమాటినిబ్ ఓడినవాళ్లలో మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చినప్పుడు జబ్బు పెరగడానికి పట్టిన సమయం 6.4 వారాల నుంచి 27.3 వారాలకి పెరిగింది. 50 మిల్లీగ్రాములు నాలుగు వారాలు వేసుకుని రెండు వారాలు ఆపడం ఒక పద్ధతి. రోజూ 37.5 ఆపకుండా వేసుకోవడం ఇంకోటి. వయసు మళ్లినవాళ్లకి రెండోదే తట్టుకోగలిగినది అనిపించింది నాకు. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతాయి. బీపీ పెరుగుతుంది, థైరాయిడ్ పడిపోతుంది, చర్మం పసుపుపచ్చగా మారుతుంది. ఆ పసుపు చూసి కామెర్లని ఆకుపసరు వైద్యానికి తీసుకెళ్లినవాళ్లు ఉన్నారు. కళ్ల తెల్లగుడ్డు కూడా పచ్చబడిందా చూడండి, లివర్ పరీక్ష చేయించండి. పసరు మాత్రం తాగించకండి.

మూడోది, సూనిటినిబ్ తర్వాత రెగోరాఫెనిబ్. 199 మందితో జరిగిన గ్రిడ్ ట్రయల్లో ఉత్తుత్తి మాత్రతో 0.9 నెలలైతే, దీంతో జబ్బు ముదరకుండా 4.8 నెలలు నిలబడింది. అదీ ఆగితే రిప్రెటినిబ్. ఇన్విక్టస్ ట్రయల్లో 1 నెలకి బదులు 6.3 నెలలు. 2020 మేలో అమెరికాలో అనుమతి పొందింది. ఈ నెలల అంకెలు చూసి నీరసపడకండి. ఇవి మధ్యస్థ అంకెలు. సగంమందికి అంతకన్నా ఎక్కువకాలం జబ్బు ముదరలేదని అర్థం.

నాలుగోది ట్రయల్. ఇక్కడే ఈమధ్య లెక్క మారింది. పీక్ అనే ట్రయల్లో ఇమాటినిబ్ ఓడినవాళ్లలో కొందరికి సూనిటినిబ్ ఒక్కటే, మిగతావాళ్లకి సూనిటినిబ్‌కి తోడు బెజుక్లాస్టినిబ్ అనే కొత్త మందు కూడా ఇచ్చారు. 2025 నవంబరులో కంపెనీ ప్రకటించిన ఫలితాల్లో జంటమందుతో జబ్బు ముదరకుండా ఉన్న కాలం 16.5 నెలలు, సూనిటినిబ్ ఒక్కదానితో 9.2 నెలలు. గడ్డలు తగ్గినవాళ్లు 46 శాతం, 26 శాతం. ఇన్నేళ్లలో సూనిటినిబ్‌ని ముఖాముఖి పోటీలో ఇంత తేడాతో వెనక్కి నెట్టినది ఇదే మొదటిసారి. లివర్ ఎంజైములు పెరగడం మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. ఆ ట్రయల్లో చేరికలు అయిపోయాయి. కాబట్టి డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న "పీక్‌లో చేరొచ్చా" అని కాదు, "ఆ జంటమందు ఇప్పుడు ఏ దారిలో దొరుకుతుంది" అని.

అదే రెండో వరుసలో వెల్జాటినిబ్ అనే మందు ఉంది. ముందు ఐడీఆర్‌ఎక్స్-42 అనేవారు, దాన్ని తయారుచేసిన చిన్న కంపెనీని 2025లో జీఎస్‌కే కొంది. తొలిదశ ట్రయల్లో, చాలా మందులు వాడేసినవాళ్లతో సహా, సుమారు 29 శాతం మందిలో గడ్డలు తగ్గాయి. ఇప్పుడు స్ట్రాటజిస్ట్ 3 అనే మూడో దశ ట్రయల్లో సూనిటినిబ్‌తో నేరుగా పోలుస్తున్నారు.

రెండోసారి మారే మ్యుటేషన్

ఇది కాస్త కష్టమైన భాగం, కానీ ట్రయల్ ఎంపికకి ఇదే కీలకం. ఇమాటినిబ్ ఓడిపోవడానికి ఎక్కువసార్లు కారణం కిట్‌లోనే ఇంకో మార్పు రావడం. అది రెండు చోట్ల వస్తుంది. ఎక్సాన్ 13, 14 ఒక చోటు, 17, 18 ఇంకో చోటు. సూనిటినిబ్ మొదటి రకం మీద బలంగా పనిచేస్తుంది, రెండో రకం మీద తేలిపోతుంది. రిప్రెటినిబ్ దాదాపు దానికి తిరగేసిన బొమ్మ.

ఇంట్రీగ్ ట్రయల్ దీన్ని కళ్లకి కట్టింది. 453 మందిలో రెండో వరుసలో రిప్రెటినిబ్‌ని సూనిటినిబ్‌తో పోలిస్తే మొత్తమ్మీద గెలుపోటములు తేలలేదు: 8.0 నెలలు, 8.3 నెలలు. ట్రయల్ విఫలమైందని పేపర్లు రాశాయి. తర్వాత రోగుల రక్తంలో తేలే గడ్డ డీఎన్‌ఏని పరీక్షించి విడగొడితే వేరే కథ బయటపడింది. ఎక్సాన్ 11కి తోడు 17 లేదా 18 మార్పు ఉన్నవాళ్లలో రిప్రెటినిబ్ 14.2 నెలలు నిలిపితే సూనిటినిబ్ 1.5 నెలలే. 13 లేదా 14 మార్పు ఉన్నవాళ్లలో రిప్రెటినిబ్ 4.0 నెలలు, సూనిటినిబ్ 15.0 నెలలు. ఒకరికి అమృతమైన మందు పక్కవాళ్లకి పనికిరాలేదు. ఇద్దరినీ కలిపి సగటు తీస్తే ఏమీ తేలలేదు. విడదీసి చూసిన గుంపులు చిన్నవి కాబట్టి ఇదే చివరిమాట కాదు. అందుకే 17, 18 వాళ్లనే ఎంచుకుని ఇన్‌సైట్ అనే ట్రయల్ మొదలుపెట్టారు.

కాబట్టి మీ డాక్టర్ని రక్త పరీక్షతో రెండో మ్యుటేషన్ తెలుసుకోవచ్చా అని అడగండి. దీన్ని లిక్విడ్ బయాప్సీ అంటారు. ఖర్చుంటుంది. ఒక్కోసారి గడ్డ తక్కువ డీఎన్‌ఏ వదిలితే ఏమీ దొరకదు. ఏమీ దొరకలేదంటే మార్పు లేదని కాదు. అయినా రెండు మందుల మధ్య, రెండు ట్రయల్స్ మధ్య ఎంచుకోవాల్సి వస్తే ఈ డబ్బు పెట్టడమే సబబు అని నా అభిప్రాయం.

సూనిటినిబ్ తొలి మాత్రకి ముందే

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటారంటే ఇది గుర్తుంచుకోండి. రెండో వరుస ట్రయల్స్ సాధారణంగా ఇమాటినిబ్ తప్ప ఇంకేమీ వాడనివాళ్లనే తీసుకుంటాయి. సూనిటినిబ్ మొదలుపెట్టి నెల వాడి, పడక, అప్పుడు ట్రయల్ అడిగితే ఆ తలుపు మూసేసి ఉంటుంది. అప్పటికి మిగిలేవి మూడో, నాలుగో వరుస ట్రయల్స్, లేదా తొలిదశవి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అచ్చంగా ఇదే. స్కాన్‌లో పెరిగిందని తెలిసిన రోజుకీ, సూనిటినిబ్ చీటీ మందుల షాపులో ఇచ్చే రోజుకీ మధ్య ఒకటి రెండు వారాలు ఉంటాయి. ట్రయల్స్ వెతకాల్సింది ఆ వారాల్లోనే. ఆలోగా ఇమాటినిబ్ ఆపకండి. ఉత్తుత్తి మాత్ర మీద ఉన్నవాళ్లకి దాదాపు నెలలోనే జబ్బు పెరిగిందని గ్రిడ్, ఇన్విక్టస్ రెండూ చూపించాయి. ఓడిపోయిందనుకున్న మందు కూడా గడ్డలో కొంత భాగాన్ని పట్టి ఉంచుతుంది. ట్రయల్ వాళ్లు కొత్త మందుకి ముందు పాతది కొన్నాళ్లు ఆపమంటారు. ఎన్నాళ్లో అడగండి. వారమైతే సరే, అంతకు మించితే ఎందుకని అడగండి.

ట్రయల్ కాగితం చదివేటప్పుడు నేను కొత్త మందు గురించి రాసింది చివర చదువుతాను. ముందు చూసేది రెండో గుంపులో ఏమిస్తారన్నది. చీటీ వేసినట్టు కంప్యూటర్ మిమ్మల్ని ఏదో ఒక గుంపులో వేస్తుంది, ఎంచుకోవడం మీ చేతిలో ఉండదు. రెండో గుంపులో సూనిటినిబ్ ఇస్తున్నారంటే మీరు పోగొట్టుకునేది తక్కువ, ఎలాగూ అదే వాడేవారు. ఉత్తుత్తి మాత్ర అయితే, జబ్బు పెరిగిన వెంటనే అసలు మందుకి మారనిస్తారా అని అడగాలి. గ్రిడ్‌లో ఉత్తుత్తి గుంపులో 85 శాతం మంది తర్వాత అసలు మందుకి మారారు. మారే వీలు లేని ట్రయల్‌ని, ఇంకా వాడని అనుమతి పొందిన మందు మిగిలి ఉండగా, నేనైతే ఒప్పుకోను.

తొలిదశ ట్రయల్ లెక్క వేరు. అక్కడ చీటీలుండవు, అందరికీ కొత్త మందే. కానీ వెతికేది డోసు. ముందు చేరినవాళ్లకి తక్కువ డోసు పడుతుంది, అది సరిపోకపోవచ్చు. వారానికోసారి ప్రయాణం, గంటల తరబడి రక్తం తీయడం, మళ్లీ బయాప్సీ ఉంటాయి. అన్ని మందులూ అయిపోయి, ఒంట్లో ఇంకా ఓపిక ఉన్నవాళ్లకే ఇది న్యాయం. ట్రయల్స్ కూడా రోజులో ఎక్కువసేపు మంచం మీద ఉండేవాళ్లని తీసుకోవు.

ఇక కొత్తగా జబ్బు బయటపడి ఇంకా ఏ మందూ వాడనివాళ్లు ఇమాటినిబ్ బదులు వేరేది ఇచ్చే ట్రయల్ అంటే చాలా ఆలోచించాలి. నిలోటినిబ్ కొత్త తరం మందు, రక్త క్యాన్సర్లో బాగా పనిచేసింది. జిస్ట్‌లో మొదటి వరుసలో ఇమాటినిబ్‌తో పోలిస్తే పాతదే పైచేయి అయ్యింది, 2011లో ఆ ట్రయల్లో చేరికలు ఆపేశారు. ఇమాటినిబ్‌కి ఇంకోటి కలిపే ట్రయలైతే వేరే సంగతి.

ఆపరేషన్ అయ్యి, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉండి, మూడేళ్ల ఇమాటినిబ్ మీద ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న: ఆపాలా, కొనసాగించాలా? మూడేళ్లు ఒక్క ఏడాదికన్నా మేలని నార్డిక్ దేశాలు, జర్మనీ కలిసి చేసిన ట్రయల్ 2012లో తేల్చింది. ఐదేళ్లకి బతికున్నవాళ్లు 92 శాతం, 81.7 శాతం. ఇంకో మూడేళ్లు కొనసాగిస్తే తిరగబెట్టడం తగ్గుతుందని ఫ్రాన్స్‌లో జరిగిన ఇమాడ్‌జిస్ట్ చూపించింది. చిన్న ట్రయల్ అది, కానీ డాక్టరుతో మాట్లాడటానికి చాలు.

మన దగ్గర డబ్బు లెక్క

అమెరికా వ్యాసాల్లో "ట్రయల్లో మందు ఉచితం" అన్నది పెద్ద ఆకర్షణ. మన దగ్గర ఆ ఆకర్షణ అంత ఉండక్కర్లేదు. నోవార్టిస్ అమ్మే ఇమాటినిబ్ గ్లివెక్ నెలకి లక్షా ఇరవై వేల దాకా ఉన్న రోజుల్లోనే మన కంపెనీల ఇమాటినిబ్ పదివేల లోపు దొరికేది. వాటిలో హైదరాబాద్ నాట్కో వాళ్ల వీనాట్ ఒకటి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ పేటెంట్ వాదనను తోసిపుచ్చాక ఆ దారి స్థిరపడింది. సూనిటినిబ్, రెగోరాఫెనిబ్‌కీ జెనరిక్‌లున్నాయి. ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవలో మీ మందు వస్తుందో లేదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడిగి తెలుసుకోండి. కాబట్టి రెండో వరుస దాకా "ఉచితం" అన్నదొక్కటే కారణంగా ట్రయల్‌కి వెళ్లకండి. ఆ తర్వాత మందులు ఖరీదెక్కుతాయి, అప్పుడు ఈ లెక్క మారుతుంది. మందు ఉచితమైనా రైలు టికెట్లు, ముంబైలో గది అద్దె, తోడు వెళ్లినవాళ్ల కూలి పోవడం ఎవరు భరిస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి.

ప్రయోగం అనగానే మనవాళ్లకి భయం పుడుతుంది, దానికి కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో అమ్మాయిలకి హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు తీసుకున్నారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు కమిటీ తప్పుపట్టింది. ఆ జ్ఞాపకం మంచిదే, దాన్ని భయంగా కాక ప్రశ్నగా మార్చుకోండి. 2019 నిబంధనల ప్రకారం సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఒక కాపీ మీకివ్వాలి. చదవడం రాకపోతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారం ట్రయల్ నడిపేవాళ్ల బాధ్యత. కారణం చెప్పకుండా ఎప్పుడైనా బయటికి రావచ్చు. తెలుగు కాపీ అడిగితే "ఎందుకండీ, ఇంగ్లీషులో ఉందిగా" అన్న చోట సంతకం పెట్టకండి. ట్రయల్ నంబరు అడిగి సీటీఆర్‌ఐ అనే మన ప్రభుత్వ రిజిస్ట్రీలో ఉందో లేదో చూడండి. కనపడకపోతే అక్కడితో ఆపేయండి. ఇంకో ప్రశ్న: మందు నాకు పనిచేస్తుండగా ట్రయల్ ముగిస్తే, మందు ఇస్తూనే ఉంటారా?

పిల్లలు అమెరికాలో ఉంటే

"అమ్మా, నాన్నా, ఇక్కడికి వచ్చేయండి, బోస్టన్‌లో ట్రయల్ ఉంది" అనే ఫోన్లు ఈమధ్య పెరిగాయి. డానా ఫార్బర్, పోర్ట్‌లాండ్‌లో ఓహెచ్‌ఎస్‌యూ, హ్యూస్టన్‌లో ఎండీ ఆండర్సన్ జిస్ట్‌లో నిజంగా పెద్ద పేర్లే. కానీ ట్రయల్ ఇచ్చేది మందు, ట్రయల్ కోసం ప్రత్యేకంగా చేసే పరీక్షలు. మామూలు స్కాన్లు, డాక్టర్ విజిట్లు, మధ్యలో రక్తస్రావమై ఆసుపత్రిలో చేరితే ఆ బిల్లు ఇన్సూరెన్స్ మీద పడుతుంది. సందర్శకుల ఇన్సూరెన్స్ సాధారణంగా ముందునుంచీ ఉన్న జబ్బుని కవర్ చేయదు. ఒక్కసారి ఎమర్జెన్సీకి వెళ్తే ఇక్కడ ఇల్లు అమ్మాల్సి రావచ్చు. వీసా గడువు, మందు మీద ఎన్ని నెలలు ఉండాల్సొస్తుందో తెలియకపోవడం ఇంకో తలనొప్పి. గ్రీన్‌కార్డు ఉండి, అక్కడి ఇన్సూరెన్స్ ఉన్న తల్లిదండ్రులకైతే మాత్రం వెంటనే వెళ్లమంటాను. లేనివాళ్లు రిపోర్టులు పంపి అభిప్రాయం మాత్రం తీసుకోవచ్చు. అది చవక, చాలాసార్లు అదే చాలు.

నేనైతే ఎలా ఎంచుకుంటానంటే

డీ842వీ అయితే ఇమాటినిబ్ జోలికి పోకుండా అవాప్రిటినిబ్ దారి వెతుకుతాను. దానివల్ల మతిమరుపు, తికమక రావచ్చని ఇంట్లో అందరికీ ముందే చెబుతాను. ఎక్సాన్ 9 అయితే ముందు 800. ఎక్సాన్ 11 మీద ఇమాటినిబ్ ఓడితే, సూనిటినిబ్‌తో పోల్చే ట్రయల్ చేరగలిగిన దూరంలో ఉంటే అందులో చేరతాను. లేకపోతే లిక్విడ్ బయాప్సీ చేయించి, 13, 14 వస్తే నిశ్చింతగా సూనిటినిబ్. 17, 18 వస్తే దానికి తగిన మందు ఏ దారిలో దొరుకుతుందో డాక్టరుతో గట్టిగా మాట్లాడతాను. డెబ్బై దాటి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి, ట్రయల్ కేంద్రం రాత్రంతా ప్రయాణం చేయాల్సినంత దూరంలో ఉంటే ఊళ్లోనే సూనిటినిబ్ తక్కువ డోసు వాడటం లోకువేమీ కాదు.

మా బాబాయి చేసింది ఆఖరిదే. 2021లో ఇమాటినిబ్ ఓడిపోయినప్పుడు నేను రెండు ట్రయల్స్ వెతికి ఇచ్చాను, రెండిటికీ అర్హుడే. ఆయన కాగితాలన్నీ చదివించుకుని, "నెలకి రెండుసార్లు ముంబైకి వెళ్తే మిరప తోట ఎవరు చూస్తారు?" అని అడిగాడు. సూనిటినిబ్ 37.5 మొదలుపెట్టాం. పాదాలు మండినప్పుడు కొబ్బరినూనె రాసుకుని, ఎడ్లబండి చక్రంలాగా ఇదీ తిరుగుతుందిలే అనుకుంటూ, ఆ ఏడాది కూడా ఆయన కోత తనే దగ్గరుండి చేయించాడు.